ఆదివారం ప్రాజెక్టు: చేపల పులుసు, స్పేర్ మోటారు, నులక మంచం

2025 మార్చి 3, సోమవారం

ఈ డైరీ ఎందుకో ముందే చెప్పేస్తాను. మా ఇంట్లో ఆదివారం ఉంది గానీ విశ్రాంతి లేదు. ఉన్న కాస్తా మగాళ్లకే. ఈస్టర్ నాటికి దీన్ని ఓ దారికి తేవాలి. మోటార్లు బాగుచేసేవాణ్ని కాబట్టి నాకు వచ్చిన పద్ధతి ఒక్కటే. విప్పి చూడాలి, లోడు ఎక్కడ పడుతోందో పట్టుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

మాది నరసాపురం, పాలకొల్లు మధ్య కాలవ గట్టున ఉన్న ఊరు. అమ్మ, నాన్నగారు, నేను, మా ఆవిడ, తొమ్మిది చదివే అమ్మాయి, ఐదు చదివే అబ్బాయి. రోడ్డు మీద నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. వచ్చేవన్నీ దాదాపుగా రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లే. నాన్నగారు ఎకరంన్నరలో వనామి రొయ్య వేశారు.

నిన్న గుడిలో అయ్యగారు నిర్గమకాండం 20వ అధ్యాయం తీసి విశ్రాంతి దినం మీద వాక్యం చెప్పారు. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట్లో ఉన్న పరదేశి, ఎవరూ ఆ రోజు పని చెయ్యకూడదని ఉంది కదా, ఒక్కొక్కరినీ వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అందరం వందనాలు చెబుతుంటే మా ఆవిడ అడిగేసింది. "అయ్యగారూ, ఆ లిస్టులో పశువు కూడా ఉంది, పెళ్లాం లేదేంటండీ?"

వెనకున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు నవ్వేసి, "'నువ్వు' అన్నప్పుడే మొగుడూ పెళ్లాం ఇద్దరూ వచ్చేశారమ్మా" అన్నారు.

"అయితే ఆ ముక్క మా ఆయనక్కూడా ఓసారి చెప్పండి."

నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను.

ఇంటికొచ్చాక మా అమ్మాయికి ఇదంతా సరదా అయిపోయింది. లెక్కల నోట్‌బుక్కులో గళ్లు గీసి, అడ్డంగా గంటలు, నిలువుగా మనుషులు వేసి, ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో గంటగంటకీ రాసింది. తెల్లవారుజామున జరిగింది వాళ్లమ్మని అడిగి పూరించింది. సాయంత్రానికి కాగితం నా చేతిలో పెట్టింది. నాన్నగారి గడులన్నీ దాదాపు 'కూర్చున్నారు'. నావి సగం 'ఫోను'. అమ్మ, మా ఆవిడ కుదురుగా కూర్చున్నది గుడిలోనే. అక్కడ కూడా మా ఆవిడ ఓసారి లేచి, పొయ్యి మీద కుక్కరు కట్టామా లేదా అని పక్కింటివాళ్లకి ఫోను చెయ్యడానికి బయటికెళ్లింది.

మధ్యాహ్నం మేం ముగ్గురం తిని నడుం వాలుస్తాం. వాళ్లిద్దరికీ అంట్లు. సాయంత్రం చుట్టాలు, టీలు. రాత్రికి మళ్లీ వేడన్నం, సోమవారం బడి బట్టల ఇస్త్రీ. ఆ కాగితం బియ్యం డబ్బా మీద అతికించాం.

మార్చి 8, శనివారం

ముందు వంటగది. అక్కడే లోడు ఎక్కువ.

ఆదివారం అనగానే మా వైపు కూర లేకుండా కుదరదు. పొద్దున్నే కోడి తేవాలి, కడగాలి, మసాలా నూరాలి, గుడికి వెళ్లేలోపు సగం ఉడికించి పెట్టుకోవాలి. ఆరాధన పది గంటలకైతే తొమ్మిదిన్నర దాకా చేతికి అల్లం వెల్లుల్లి వాసనే. శనివారం రాత్రే కూర చేసేద్దామంటే, నిన్నటి కోడికూర మా నాన్నగారు ముట్టరు.

దారి అమ్మ చూపించింది. "చేపల పులుసు ఏ రోజు తింటార్రా?" అంది. నిజమే. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. వండిన పూట కంటే మర్నాడే పులుసు బావుంటుంది. పైగా బుధవారంతో శ్రమకాలం మొదలైంది, ఈస్టర్ దాకా అమ్మ మాంసం ముట్టదు. ఆదివారం తినే కూరని శనివారం వండితే పాతదయిందని కాదు, పదునెక్కిందని అనుకుంటారు.

మా ఆవిడ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "శనివారం రెండు రోజుల చాకిరీ చేసి ఆదివారం పడుకుంటే అది విశ్రాంతి కాదండీ, నీరసం." అందుకు నాన్నగారు మన్నా సంగతి ఎత్తారు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఆరో రోజున రెండంతలు ఏరుకుని ఏడో రోజున తిన్నారు కదా అని. "ఏరుకున్నది ఆడవాళ్లొక్కళ్లేనా మావయ్యగారూ?" అంది. ఇంకెవరూ మాట్లాడలేదు. అలా శనివారం సాయంత్రం షాపు ఐదింటికే కట్టెయ్యాలని తేలింది.

ఇవాళ ఎవరెవరు ఏం చేశారంటే: నేను రెండు కేజీల బొచ్చె తెచ్చి, పొలుసు తీయించి, ఇంటి దగ్గర రాళ్లుప్పూ పసుపూ వేసి జిగురు పోయేదాకా కడిగాను. నాన్నగారు చింతపండు పిసికి పీచు తీశారు. ఆయన వంటింట్లోకి రావడం చూసి మా అబ్బాయి "తాతయ్యా, మంచినీళ్లు కావాలా?" అని అడిగాడు. వాడు వెల్లుల్లి వలిచాడు. అమ్మాయి ఇడ్లీ పిండి గ్రైండరులో వేసింది. ఉల్లిపాయలు నావే. కళ్లనీళ్లు చూసి అమ్మకి జాలేసింది గానీ చాకు మాత్రం తీసుకోలేదు.

పులుసు పెట్టింది మా ఆవిడే, అందులో వేలు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. మట్టి దాకలో నూనె కాగాక పచ్చిమిర్చి, ఉల్లిముద్ద. అది ఎర్రబడి అంచుల దగ్గర నూనె వదిలేదాకా ఓపిక పట్టాలి. తర్వాత కారం, ఉప్పు, చింతపండు రసం. తెర్లడం మొదలయ్యాక ముక్కలు ఒక్కొక్కటే జారవిడిచి, పైన మెంతిపొడి. ఆ తర్వాత గరిటె పెట్టకూడదు, ముక్క చితికిపోతుంది. రెండు మసిగుడ్డలతో దాక అంచులు పట్టుకుని గుండ్రంగా ఓసారి ఊపితే పులుసే ముక్క చుట్టూ తిరుగుతుంది. చిక్కబడి నూనె పైకి తేలాక దించేసి కొత్తిమీర చల్లింది. పూర్తిగా చల్లారేదాకా పైన పల్చటి గుడ్డే. వేడి మీద మూత పెడితే మూతకి పట్టిన ఆవిరి నీరంతా పులుసులోకే దిగుతుంది.

పడుకునే ముందు గుడి సంచి సర్దేశాం. బైబిళ్లు, పాటల పుస్తకం, కానుక కవర్లు, అమ్మ పిడికెడు బియ్యం మూట. రోజూ అన్నానికి కొలిచేటప్పుడు ఓ గుప్పెడు విడిగా తీసి గుడికి ఇవ్వడం మా అమ్మ పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఉన్న అలవాటు. ఇస్త్రీ బట్టలు తలుపు వెనక వంకీకి.

మార్చి 10, సోమవారం

నిన్న పొద్దున్న పొయ్యి మీద ఇడ్లీ, టీ, అంతే. గుడి నుంచి వచ్చాక అన్నం వండి అప్పడాలు వేయించారు. పులుసు గురించి రాయడం అనవసరం, దాక అడుగు కనిపించింది.

అంట్ల సంగతి అబ్బాయి తేల్చాడు. పెరట్లో అరటి చెట్లున్నాయి కదా, ఆకుల్లో తిందాం అన్నాడు. తిన్నాక ఆకులు గేదెకి. ఆజ్ఞలో పశువు పేరు ఎందుకు పెట్టారో నాకిప్పుడు అర్థమైందన్నాడు వెధవ.

మధ్యాహ్నం రెండున్నరకి మా ఆవిడ ఖాళీగా ఉంది. ఏం చెయ్యాలో తోచక అల్మారా సర్దడం మొదలెట్టింది. కూర్చోడానికి చోటేదీ అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. హాల్లో నాన్నగారు, గదిలో నేను, అరుగు మీద ఎండ. అంటే తర్వాతి పని పెరట్లో.

మార్చి 15, శనివారం

పెరడు మొదలుపెట్టే ముందు నా ఫోను సంగతి చూడాలి. అమ్మాయి గడుల్లో నా పేరు పక్కన ఎక్కువసార్లు పడిన మాట అదే.

బొంబాయి మిల్లు కార్మికులకి ఆదివారం సెలవు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890 జూన్ 10న వచ్చింది. మా అమ్మాయి పాఠం చదువుతూ అది వినిపించి, "నువ్వు ఓనర్‌వి కదా నాన్నా, నీ మీద నువ్వే పోరాడుకో" అంది.

కానీ రొయ్యకి ఆదివారం లేదు. రాత్రంతా చెరువులో నాచు, రొయ్యలు, అడుగు బురద, అన్నీ ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటాయి. ఎండ లేదు కాబట్టి కొత్తగా తయారవదు. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. సరిగ్గా అప్పుడు ఏరియేటర్ ఆగితే రొయ్య గట్టుకి చేరి తేలిపోతుంది. అప్పులు తెచ్చి వేసిన పంట. అలాంటివాడు ఆదివారం ఐదింటికి ఫోను చేస్తే ఎత్తకుండా పాటలు పాడుకోవడం నా వల్ల కాదు. నాన్నగారు కూడా అదే అన్నారు. విశ్రాంతి దినాన గొర్రె గుంటలో పడితే పైకి తియ్యరా అని ప్రభువే అడిగాడు కదా అని.

సరే, గొర్రెని తియ్యాలి. కానీ గుంట దగ్గర కూర్చుని రోజంతా వైండింగ్ చెయ్యక్కర్లేదు. అసలు నాకు ఆదివారం తినేసేది ఆ రిపేరే. కాలిపోయిన తీగ కోసి తీసి, స్లాట్లు శుభ్రం చేసి, కొత్త కాయిల్ చుట్టి, వార్నిష్ పోసి, ఆరబెట్టి. మధ్యాహ్నం మూడు దాటిపోతుంది.

అందుకని షాపులో మూల పడున్న పాత 2 హెచ్‌పీ మోటార్లు రెండు బయటికి తీశాను. ఒకదానికి బేరింగులు అరిగిపోయి గరగరమంటోంది, రెండోదానికి సీలు పోయి లోపలికి ఉప్పునీళ్లు దిగాయి. రెండింటికీ కొత్త బేరింగులు వేసి, రెండోదాన్ని పూర్తిగా మళ్లీ చుట్టాను. మెగ్గరు (ఇన్సులేషన్ చూసే మీటరు) పెట్టి చూశాను, బాడీకి లీకేజీ లేదు. ఎర్ర పెయింటుతో పెద్దగా 'ఆదివారం' అని రాశాను. ఇక ఆదివారం చెరువులో మోటారు ఆగిందంటే, వచ్చి ఇది పట్టుకెళ్లి బిగించుకుంటారు. వాళ్లది సోమవారం చేస్తాను. తాళం షాపు పక్క టీ బడ్డీ దగ్గర. అద్దె లేదు.

షాపు షట్టరు మీద బోర్డు కూడా మార్చాం. అక్షరాలు అమ్మాయివి. 'ఆదివారం సెలవు. చెరువులో రొయ్య ఉండి ఏరియేటర్ ఆగితేనే ఫోను చెయ్యండి.'

మార్చి 22, శనివారం

ఇవాళ్టి పని నాకు బాగా నచ్చింది.

అటక మీద తాతయ్య నులక మంచం ఉంది. టేకు కోళ్లు, పట్టెలు చెక్కుచెదరలేదు. నులక మాత్రం నడిమికి తెగి వేలాడుతోంది. దించి, పాత నులక కోసి పారేసి, నల్లులేమైనా ఉంటే పోతాయని కీళ్లలో మరగకాచిన నీళ్లు పోసి, నిన్నంతా ఎండలో పడేశాం. పాలకొల్లు నుంచి కొత్త నులక చుట్టలు తెచ్చాను. ప్లాస్టిక్ తాడైతే చవక, ఎండకీ వానకీ ఆగుతుంది అన్నాడు కొట్టువాడు. ఆగుతుంది గానీ చొక్కా లేకుండా పడుకుంటే తెలుస్తుంది.

అల్లడం నాన్నగారికి వచ్చు. ఆయన చేసి ముప్ఫయ్యేళ్లు దాటుంటుంది. చేతులకి గుర్తుంటుందా అని నాకు అనుమానం. ముందు కాళ్లవైపు పట్టెకి జానెడు ఇవతల ఓ గట్టి తాడు అడ్డంగా కట్టించారు. అల్లిక అంతా తలవైపు పట్టె నుంచి ఈ తాడు దాకానే. తాడుకీ కాళ్లవైపు పట్టెకీ మధ్య ఖాళీ ఉంచాలి. ఎందుకో చివర్లో తెలిసింది.

ఒక మూల నుంచి మొదలుపెట్టి ఐమూలగా నులక లాగుతూ పోవడం. ఓ వైపు నుంచి వచ్చేవి ఊరికే పరుచుకుంటాయి, అసలు పని ఎదురు మూల నుంచి వచ్చేవాటిది. రెండు పైన, రెండు కింద. తర్వాతి వరస ఒకటి జరిపి మళ్లీ రెండు పైన, రెండు కింద. నాన్నగారు పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నారు. మొదట నాలుగైదు వరసలు విప్పించారు. ఆ తర్వాత లెక్క మానేసి నాతో ధాన్యం రేటు గురించి మాట్లాడటం మొదలెట్టారు, వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నేను మంచం అడుగున వెల్లకిలా పడుకుని చుట్ట అందుకుని పైకి ఇవ్వాలి. కింద నుంచి చూస్తే పీచు రాలి కళ్లల్లో పడుతోంది, కొత్త నులక పచ్చివాసన. ప్రతి దాటుకీ ఆయన బొటనవేలితో నొక్కి, పక్క వరసకి ఆనేదాకా కర్రముక్కతో తట్టేవారు. సందు ఉంటే నడుముకి గుంట పడుతుందట.

సాయంత్రానికి నడిమిలో వంకీల వంకీల డిజైను తేలింది. అబ్బాయి పాము చర్మంలా ఉందన్నాడు. చివరగా ఆ జానెడు ఖాళీలో బిగింపు తాడు. పట్టెకీ అల్లికకీ మధ్య కుట్టినట్టు అటూఇటూ పోనిచ్చి, పాదం పట్టెకి తన్నిపెట్టి లాగితే మంచం మొత్తం ఒక్కసారి టంగుమంది. వాడుతుంటే కొత్త నులక సాగుతుంది, నెలకోసారి ఆ తాడొక్కటి లాక్కుంటే చాలు.

ముందు ఎవరు పడుకోవాలని మాటొచ్చింది. అమ్మ కూర్చుని, కాళ్లు పైకి పెట్టుకుని, "మీ తాతయ్య ఉండగా దీని మీద ఆడవాళ్లం కూర్చునేవాళ్లం కాదు" అంది. అలాగే ఒరిగిపోయింది. రాత్రి భోజనానికి లేపాల్సి వచ్చింది.

మార్చి 31, సోమవారం

చెరువు సంగతి తెగింది. మేత రోజుకి నాలుగుసార్లు, రొయ్య ఎంత తిన్నదో తెలియడానికి చెక్ ట్రేలు చూడాలి. నాన్నగారు ఆరాధన మధ్యలో లేచి గట్టుకి వెళ్లేవారు. పక్క చెరువు రాజుగారు ఈ మధ్య గమనించి, "మీ ఆదివారం పగలు మాకొదిలెయ్యండి, ఆయ్, మా పండగలు మీరు చూసుకోండి" అన్నారు. నిన్న ఉగాది. లెక్క ప్రకారం మా ఇద్దరికీ ఒకే రోజు పడింది. మొదటి వారమే ఒప్పందం ఇరుక్కుంది. చివరికి పొద్దున రెండు మేతలు రాజుగారు వేశారు, మధ్యాహ్నం నుంచి రెండు చెరువులూ నాన్నగారు చూశారు. ఉగాది పచ్చడి గట్టు మీదకే వచ్చింది.

రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ 321లో ఆదివారం సెలవని శాసనం చేసినప్పుడు న్యాయాధికారులూ పట్నవాసులూ పనులు మానాలన్నాడట గానీ వ్యవసాయం చేసేవాళ్లకి మినహాయింపు ఇచ్చాడు. అదును తప్పితే పంట పోతుందని. ఇది సండే స్కూల్ టీచరు చెప్పగా అబ్బాయి మోసుకొచ్చాడు. నాన్నగారు విని, "ఆయనకి పక్క చెరువులో రాజుగారు లేరు కాబోలు" అన్నారు.

ఏప్రిల్ 5, శనివారం

పందిరి. పన్నెండు అడుగులకి పది. సరుగుడు కర్రలు అంతర్వేది వైపు ఇసక నేలల నుంచి వచ్చినవి తీసుకున్నాను, తిన్నగా ఉన్నాయి. మూడేసి చొప్పున రెండు వరసలు. మాది నల్ల బంకమట్టి, కాలవలో నీళ్లున్నన్నాళ్లూ రెండడుగులు తవ్వితే అడుగున ఊట కనిపిస్తుంది. అందుకని కర్ర భూమిలో ఉండే భాగానికి తారు పూసి ఎండబెట్టి, గుంటలో ముందు ఇటుక ముక్కలు, పైన ఇసక వేసి దిమ్మిస కొట్టాం. వట్టి బంకమట్టితో పూడిస్తే ఎండాకాలం నెర్రెలిచ్చి కర్ర ఊగుతుంది. పైన వెదురు బొంగులు, కొబ్బరితాడు కట్లు. ఇనప తీగ చుడదామన్నాను గానీ నాన్నగారు పడనివ్వలేదు. గాలికి తీగ కర్రని కోసేస్తుంది, తాడైతే సాగి ఊరుకుంటుంది.

కప్పుకి తాటాకు మంచిది, మూడేళ్లు వస్తుంది. ఈ సీజనుకి ఇంట్లోవే కొబ్బరి మట్టలు చాలనుకున్నాం. మట్టలు నిలువునా చీల్చి కాలవలో నానేశాం.

ఏప్రిల్ 12, శనివారం

నానిన ఆకు తాడులా వంగుతోంది. అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పక్కింటి పిన్నిగార్లు వరండాలో కూర్చుని ఆకులు అల్లారు. కబుర్లే ఎక్కువ. నేనూ అబ్బాయీ పందిరెక్కి కింది అంచు నుంచి పైకి ఒకదాని మీద ఒకటి సగం వచ్చేలా కట్టుకుంటూ పోయాం.

రేపు మట్టల ఆదివారం. లేత మట్టలు కొన్ని ముందే పక్కన పెట్టమని అమ్మ కేకలు. పిల్లలు ఊరేగింపుకి గుడికి పట్టుకెళ్లాలి. ఆ మట్టలే చెయ్యి మారి కప్పు మీదకి వెళ్లిపోతాయేమోనని అమ్మాయి వాటిని స్నానాల గదిలో దాచింది.

ఏప్రిల్ 21, సోమవారం

వారమంతా పందిరి జోలికి పోలేదు. గుడ్‌ఫ్రైడే పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ధ్యానం. నిన్న చీకటుండగానే సమాధుల తోటలో కొవ్వొత్తులు, తెల్లారేసరికి ఆరాధన.

ఈస్టర్ గడువు అందుకున్నాం, కానీ నిన్నటిది లెక్కలోకి రాదు. పండగ. కోడికూర, పలావు, చెల్లెలు, బావగారు, పిల్లలు, అందరూ పందిరి కింద. పొద్దున్నుంచీ పొయ్యి ఆరలేదు. మా ఆవిడ మాత్రం, "పండక్కి చేస్తే అలుపు తెలీదండీ, వారం వారం చేస్తేనే" అంది. గడువు ఇంకో నెల పెంచాను.

మే 5, సోమవారం

శనివారం సాయంత్రం ఈదురుగాలి. పడమటివైపు కొబ్బరాకు నాలుగు వరసలు లేచి పక్కింటి డాబా మీద పడ్డాయి. స్తంభాలు కదల్లేదు, కట్లు ఒక్కటీ తెగలేదు. నాన్నగారు తాళ్లన్నీ ఒక్కొక్కటీ ముట్టుకుని చూసి ఏమీ అనకుండా లోపలికెళ్లారు. దాని అర్థం నాకు తెలుసు.

ఎగిరిన చోట ఆదివారమే ఎక్కి కట్టేద్దామని చెయ్యి లాగేసింది. పది నిమిషాల పని. అబ్బాయి నిచ్చెన మీద కూర్చుని దిగనన్నాడు. ఎండ పడ్డ మేర మంచం ఇటు జరుపుకున్నాం.

మే 19, సోమవారం

నిన్న మళ్లీ అమ్మాయి నోట్‌బుక్కు తీసింది. మొదటి కాగితం పక్కన రెండోది పెట్టి చూద్దామని.

పొద్దున ఇడ్లీ. గుడి. ఇప్పుడు వేసవి బైబిల్ స్కూలు నడుస్తోంది కాబట్టి పిల్లలు ఆరాధనలో యాక్షన్ సాంగు చేశారు. అయ్యగారు మొన్న 15న కాటన్ దొర జయంతి జరిగిందని గుర్తుచేసి ప్రార్థనలో ఆయన పేరు తలిచారు. ధవళేశ్వరంలో 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట పని జరుగుతున్నప్పుడు, 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ ఆ కూలీల మధ్య సువార్త చెప్పారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల చాలా సంఘాల పుట్టుక వాళ్ల దగ్గరే మొదలు. ఇంటికొస్తూ నాన్నగారు వాళ్ల తాతగారి రోజుల్లో ఆదివారం గుడికి ఈ కాలవ మీద పడవలోనే వెళ్లేవారని చెప్పారు. శనివారం రాత్రే సద్ది కట్టుకునేవారట. మా ఆవిడ నావైపు చూసింది. ఆ సద్ది ఎవరు కట్టేవారని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు.

మధ్యాహ్నం అరిటాకులు, పులుసు, కొత్తావకాయ, గడ్డ పెరుగు. ముంజలు. ఫోన్లన్నీ బియ్యం డబ్బా మీద బుట్టలో. ఒకటిన్నరకి టీ బడ్డీ అతను సైకిల్ మీద వచ్చి, ఎర్ర మోటారు ఒకటి పట్టుకెళ్లారని చెప్పి వెళ్లిపోయాడు. ఎవరు, ఏ చెరువు అని నేను లేవబోయాను. మా ఆవిడ మంచం మీంచే "రేపు" అంది. కూర్చున్నాను.

పందిరి కింద నాన్నగారు, అబ్బాయి అష్టాచెమ్మా. నాన్నగారు గవ్వలు తిప్పి వేస్తారని వాడి ఫిర్యాదు. అమ్మ మా చెల్లెలి కోసం లేసు అల్లుతోంది. మిషనరీ దొరసానులు నేర్పిన ఈ కొక్కెం పని ఇప్పటికీ నరసాపురం చుట్టుపక్కల ఇంటింటా ఉంది. అది పనా విశ్రాంతా అని అమ్మాయి పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "ఏజెంటుకిచ్చేది పని, మీ అత్తకిచ్చేది కాదు" అని అమ్మ తీర్పు చెప్పింది. అమ్మాయి 'కూర్చున్నారు' అని రాసింది.

మా ఆవిడ గడిలో రెండు నుంచి నాలుగు దాకా 'నిద్ర'. మధ్యలో ఓసారి లేచి, పాల ప్యాకెట్టు ఫ్రిజ్‌లో పెట్టామా అని అడిగి మళ్లీ పడుకుంది. సాయంత్రం టీ నేను పెట్టాను. పంచదార ఎక్కువైందన్నారు, అయినా తాగారు. చల్లబడ్డాక గట్టు మీద నడుచుకుంటూ, కాలు విరిగి మంచాన ఉన్న సంఘ పెద్దగారిని చూసొచ్చాం. రాత్రికి మజ్జిగన్నం.

రెండు కాగితాలూ పక్కపక్కనే పెడితే అమ్మ, మా ఆవిడ వరసల్లో తేడా బాగానే కనిపిస్తోంది. ఇంకా మిగిలినవి రెండు. సోమవారం బడి బట్టల ఇస్త్రీ, గేదె పాలు. బడి తెరిచేసరికి ఇస్త్రీ అమ్మాయికి, అబ్బాయికి చెరో సగం. గేదెని నాన్నగారు పొద్దునపూట పిండుతానన్నారు. అది ఆయన్ని దగ్గరికి రానిస్తే.

జూన్ 7, శనివారం

నైరుతి గాలి తిరిగింది, మబ్బులు దిగాయి. కొబ్బరాకు కప్పు వానకి ఆగదు. తాటాకు బేరం కుదిరింది. వంద ఆకులు, కొట్టి ఎండబెట్టినవి, బుధవారం దిగుతాయి. కట్టే మనిషి ఆదివారం ఖాళీ అన్నాడు. సోమవారం రమ్మన్నాను. సోమవారమైతే కూలి ఇంకో వంద ఎక్కువన్నాడు. మా ఆవిడ లోపల్నుంచి, "ఇచ్చెయ్యండి" అంది.